ఆస్తి పన్ను: గృహ యజమాని సరిచూసుకోవలసిన నాలుగు వివరాలు

హైదరాబాదు: నగరాలు, పట్టణాలలో ఇల్లు గల ప్రతి కుటుంబానికీ ఏటా అందే పత్రం ఆస్తి పన్ను డిమాండు నోటీసు. చాలామంది గృహ యజమానులు అందులోని చివరి అంకెను మాత్రమే చూస్తారు. ఆ మొత్తం ఎలా వచ్చిందో తెలుసుకోకుండానే కొందరు చెల్లిస్తున్నారు. మరికొందరు అది అన్యాయమని భావించి చెల్లింపును వాయిదా వేస్తున్నారు. ఈ రెండింటివల్లా నష్టపోయేది యజమానియే. ఒకసారి మదింపులో పడిన పొరపాటు ఎవరూ ప్రశ్నించనంతకాలం ఏటేటా కొనసాగుతుంది. వాయిదా వేసిన బకాయిపై నెలనెలా వడ్డీ పెరుగుతుంది.

ఆస్తి పన్ను అధికారి ఇష్టానుసారం నిర్ణయించే మొత్తం కాదు. ఇంటి నిర్మిత వైశాల్యం, చదరపు అడుగుకు నిర్ణయించిన నెలసరి అద్దె రేటు, కట్టడాన్ని వినియోగించుకొనే తీరు అనే మూడు వివరాలనుబట్టి పన్ను మొత్తం తేలుతుంది. నాలుగవదైన యజమాని పేరు ఆ పన్నుకు బాధ్యులెవరో తెలుపుతుంది. ఈ నాలుగింటినీ యజమాని స్వయంగా సరిచూసుకోవచ్చు. హైదరాబాదులో అమలులో ఉన్న వార్షిక అద్దె విలువ విధానాన్ని ఉదాహరణగా తీసుకొని ఈ లెక్కను వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

పన్నుకు చట్టబద్ధమైన ఆధారం

భూములు, భవనాలపై పన్ను విధించే అధికారాన్ని భారత రాజ్యాంగం ఏడవ షెడ్యూలులోని రాష్ట్ర జాబితా, 49వ అంశం రాష్ట్రాలకు ఇచ్చింది. 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1 నుంచి అమలులోకి వచ్చింది. దానిద్వారా చేరిన 243-ఎక్స్ అధికరణం ప్రకారం రాష్ట్ర శాసనసభ చట్టం చేసి, పన్నులు విధించి వసూలు చేసుకొనే అధికారాన్ని పురపాలక సంస్థలకు కల్పించవచ్చు. హైదరాబాదులో ఈ పన్నుకు 1955 నాటి నగరపాలక సంస్థ చట్టం ఆధారం. గ్రామ పంచాయతీలలో ఇంటి పన్ను పంచాయతీరాజ్ చట్టం కింద వసూలవుతుంది.

ఈ పన్ను స్థానిక సంస్థకు సొంత ఆదాయం. పై ప్రభుత్వాల గ్రాంట్లు నిర్దిష్ట షరతులకు లోబడి వస్తాయి. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి పట్టణ స్థానిక సంస్థల గ్రాంట్లను సిఫారసు చేస్తూ ఆస్తి పన్నునే ఒక షరతుగా పెట్టింది. రాష్ట్రాలు 2021-22లో ఆస్తి పన్ను కనీస రేట్లను నోటిఫై చేయాలని, ఆ తరువాత పన్ను వసూళ్లు రాష్ట్ర స్థూల ఉత్పత్తి వృద్ధికి అనుగుణంగా పెరగాలని పేర్కొంది. కాబట్టి ఇంటి పన్ను సక్రమంగా వసూలు కాని పట్టణం ఆ పన్నుతోపాటు దానికి ముడిపడిన గ్రాంటునూ కోల్పోయే పరిస్థితి ఏర్పడింది.

పన్నులో ఏమేమి ఉన్నాయి

హైదరాబాదులో ఆస్తి పన్ను ఒకే పన్నుగా కనిపించినా అందులో నాలుగు భాగాలు ఉన్నాయి. అవి సాధారణ పన్ను, పారిశుద్ధ్య పన్ను, వీధి దీపాల పన్ను, మురుగు నీటి పారుదల పన్ను. నివాస గృహాలకు పారిశుద్ధ్యం కింద 9 శాతం, దీపాల కింద 3 శాతం, మురుగు పారుదల కింద 3 శాతం ఉంటుంది. ఈ మూడూ కలిసి 15 శాతం. ఇది అన్ని శ్లాబులకూ సమానమే. ఇంటి అద్దె విలువనుబట్టి మారేది సాధారణ పన్ను మాత్రమే.

నెలసరి అద్దె విలువ రూ.50 వరకు ఉన్న ఇళ్లకు పన్ను మినహాయింపు ఉంది. రూ.51 నుంచి రూ.100 వరకు సాధారణ పన్ను 2 శాతం కాగా మొత్తం 17 శాతం. రూ.101 నుంచి రూ.200 వరకు సాధారణ పన్ను 4 శాతం, మొత్తం 19 శాతం. రూ.201 నుంచి రూ.300 వరకు సాధారణ పన్ను 7 శాతం, మొత్తం 22 శాతం. రూ.300 దాటితే సాధారణ పన్ను 15 శాతం, మొత్తం 30 శాతం. నేటి ఇళ్లలో అత్యధికం సహజంగానే ఈ చివరి శ్లాబులోకి వస్తాయి.

వీటికి తోడు పన్నుపై 8 శాతం గ్రంథాలయ సెస్సు వసూలు చేస్తారు. ఈ సొమ్ము నగరపాలక సంస్థది కాదు. 1960 నాటి ప్రజా గ్రంథాలయాల చట్టం ప్రకారం పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున వసూలుచేసి గ్రంథాలయ సంస్థకు జమచేయవలసి ఉంటుంది. నిరుద్యోగ యువత పోటీ పరీక్షలకు చదువుకొనే శాఖా గ్రంథాలయానికి ఇంటి పన్ను రసీదుతో ఇలాంటి సంబంధం ఉన్నదని చాలామందికి తెలియదు.

లెక్క కట్టే విధానం

మొదటి వివరం నిర్మిత వైశాల్యం. వాడుకలో దీనినే ప్లింత్ ఏరియా అంటారు. గదులతోపాటు బాల్కనీ, కారు నిలిపే కప్పు గల స్థలం వంటివి కూడా ఇందులోకి వస్తాయి. రెండవది చదరపు అడుగుకు నెలసరి అద్దె రేటు. ఇల్లు ఉన్న ప్రాంతం, కట్టడం రకం, వినియోగం ఆధారంగా పాలక సంస్థ ఈ రేటును నిర్ణయిస్తుంది. ఇది పన్ను కోసం నిర్ణయించిన రేటు. బజారులో నడుస్తున్న అద్దెతో ఇది సమానంగా ఉండనవసరం లేదు.

వైశాల్యాన్ని రేటుతో గుణిస్తే నెలసరి అద్దె విలువ వస్తుంది. దానిని 12తో గుణిస్తే వార్షిక అద్దె విలువ వస్తుంది. దానిపై శ్లాబు ప్రకారం శాతం లెక్కించి, తరుగుదల కింద 10 శాతం తగ్గించి, మిగిలిన మొత్తానికి 8 శాతం గ్రంథాలయ సెస్సు కలపాలి.

ఉదాహరణకు 1,000 చదరపు అడుగుల ఇంటికి, లెక్క సులభంగా ఉండేందుకు, చదరపు అడుగుకు నెలకు ఒక రూపాయి రేటు అనుకుందాం. నెలసరి అద్దె విలువ రూ.1,000. వార్షిక అద్దె విలువ రూ.12,000. అందులో 30 శాతం రూ.3,600. తరుగుదల రూ.360 తీసివేస్తే రూ.3,240. గ్రంథాలయ సెస్సు సుమారు రూ.259 కలిపితే సంవత్సరానికి రూ.3,499.

ఈ లెక్కలో ఒక సులభ సూత్రం ఉంది. 30 శాతం శ్లాబులోని ఏ ఇంటికైనా సంవత్సరపు పన్ను నెలసరి అద్దె విలువకు సుమారు మూడున్నర రెట్లు ఉంటుంది. నోటీసులోని మొత్తాన్ని 3.5తో భాగించి, వచ్చిన దానిని ఇంటి వైశాల్యంతో భాగిస్తే తమకు ఏ రేటు వేశారో యజమానికి తెలుస్తుంది. అదే వీధిలోని అదే రకం ఇంటికి అలాగే లెక్క వేస్తే రెండు రేట్లూ దాదాపు ఒకటిగా ఉండాలి. పెద్ద తేడా కనిపిస్తే వైశాల్యంలోనో, రేటులోనో, వినియోగం నమోదులోనో పొరపాటు ఉండవచ్చునని గ్రహించాలి.

పది అడుగుల తేడాకు ఎంత విలువ

సొంతంగా నివసిస్తున్న ఇంటి వార్షిక ఆస్తి పన్ను రూ.1,200 లోపు ఉంటే దానిని రూ.101కి తగ్గిస్తూ 2015-16లో తెలంగాణ ప్రభుత్వం హైదరాబాదులోని చిన్న గృహ యజమానులకు రాయితీ కల్పించింది. పేద, దిగువ మధ్యతరగతి కుటుంబాలకు మేలు చేసే ఈ రాయితీయే కొలతల ఖచ్చితత్వాన్ని అత్యంత ముఖ్యమైన అంశంగా మార్చింది.

ఒక కుటుంబానికి 425 చదరపు అడుగుల ఇల్లు ఉన్నదని, రేటు 80 పైసలని అనుకుందాం. నెలసరి అద్దె విలువ రూ.340, సెస్సుతో కలిపి సంవత్సరపు పన్ను సుమారు రూ.1,190 అవుతుంది. పరిమితికి లోపే ఉన్నందున ఆ కుటుంబం రూ.101 చెల్లిస్తే సరిపోతుంది. అదే ఇంటి కొలతలలో 9 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు గల బాల్కనీని పొరపాటున రెండుసార్లు లెక్కించారనుకుందాం. వైశాల్యం 470 చదరపు అడుగులవుతుంది. నెలసరి అద్దె విలువ రూ.376, పన్ను సుమారు రూ.1,316 అవుతుంది. పరిమితి దాటినందున రాయితీ వర్తించదు. 45 చదరపు అడుగుల పొరపాటుకు పన్నులో తేడా నిజానికి రూ.126 మాత్రమే. కాని రాయితీ పోవడంతో ఆ కుటుంబంపై పడే అదనపు భారం ఏటా రూ.1,215.

పై రేటు వివరణకోసం తీసుకున్నదే అయినా సూత్రం వాస్తవం. పెద్ద భవంతిలో 45 అడుగుల తేడా లెక్కలోకి రాదు. చిన్న ఇంట్లో అదే తేడా కుటుంబానికి రాయితీ దక్కుతుందా లేదా అన్నది నిర్ణయిస్తుంది. కాబట్టి టేపు పట్టి కొలిచే సిబ్బంది చిన్న ఇళ్ల విషయంలోనే ఎక్కువ జాగ్రత్త వహించాలి. యజమాని లేదా కుటుంబ సభ్యులు కొలతల సమయంలో దగ్గర ఉండి, నమోదైన అంకెలను అక్కడే చూసుకోవడం మంచిది.

నివాసమా, నివాసేతరమా

మూడవ వివరం వినియోగం. నివాసేతర కట్టడాలకు చదరపు అడుగు రేటు నివాస గృహాల కంటే ఎన్నో రెట్లు అధికంగా ఉంటుంది. ఇంటి ముందు గదిలో కిరాణా దుకాణమో, కుట్టు మిషను షాపో నడుపుకొనే కుటుంబాలు మన వీధులలో సర్వసాధారణం. ఇటువంటి ఇంట్లో దుకాణం ఉన్న భాగానికి నివాసేతర రేటు, మిగిలిన భాగానికి నివాస రేటు వర్తించాలి. ఇల్లంతా ఒకే ఖాతాలో నివాసేతరంగా నమోదైతే భారం ఎన్నో రెట్లు పెరుగుతుంది.

దుకాణం మూసివేసి గదిని తిరిగి నివాసానికి మార్చుకున్నప్పుడు చాలామంది ఆ విషయం కార్యాలయానికి తెలియజేయరు. 150 చదరపు అడుగుల గదికి నివాస రేటు ఒక రూపాయి, నివాసేతర రేటు పది రూపాయలు అనుకుంటే, ఏటా రూ.525 చెల్లించవలసిన చోట రూ.5,250 చెల్లిస్తూ పోతారు. ఇల్లు దుకాణంగా మారినప్పుడు చెప్పడం ఎంత బాధ్యతో, దుకాణం ఇల్లుగా మారినప్పుడు చెప్పుకోవడం అంత ప్రయోజనకరం.

అనుమతి లేకుండాగాని, అనుమతికి విరుద్ధంగాగాని నిర్మించిన భాగాలపై పన్నుతోపాటు 100 శాతం వరకు అపరాధ రుసుము విధించే అవకాశం ఉంది. ఆ రుసుము చెల్లించినంత మాత్రాన అక్రమ నిర్మాణం సక్రమం కాదు. పన్ను కట్టించుకున్నారు కాబట్టి కట్టడాన్ని అంగీకరించినట్లేనన్న వాదన చెల్లదు.

పేరు మార్పు తప్పనిసరి

నాలుగవ వివరం యజమాని పేరు. ప్రతి ఆస్తికి ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది. హైదరాబాదులో దీనిని పీటీఐఎన్ అంటారు. ఇల్లు చేతులు మారినా ఈ సంఖ్య మారదు, పేరు మాత్రమే మారుతుంది. దీనినే మ్యుటేషన్ అంటారు. రిజిస్ట్రేషనుతో పాటే పేరు మారే ఏర్పాట్లు వచ్చిన తరువాత కూడా, కొత్త యజమాని పేరు పన్ను ఖాతాలో నమోదైందో లేదో ఒకసారి చూసుకోవాలి. ఇల్లు కొనేముందు పాత బకాయిలు ఉన్నాయేమో ఈ సంఖ్య సాయంతో తెలుసుకోవడం కొనుగోలుదారుకు క్షేమం.

వారసత్వంగా వచ్చిన ఇళ్ల విషయంలో ఈ లోపం ఎక్కువగా కనిపిస్తుంది. తండ్రిగారు గతించి ఏళ్లు గడిచినా పన్ను ఆయన పేరుమీదనే వస్తూ ఉంటుంది. కుటుంబానికి బ్యాంకు రుణమో, ఇంటి విస్తరణకు అనుమతో అవసరమైన రోజున ఈ లోపం బయటపడుతుంది. మరణ ధ్రువీకరణ పత్రం, వారసుల ధ్రువీకరణ పత్రం, ఆస్తి దస్తావేజులతో సకాలంలో దరఖాస్తు చేసుకుంటే ఈ ఇబ్బంది ఉండదు.

అదే సమయంలో ఇంకొక విషయం గుర్తుంచుకోవాలి. పన్ను ఖాతాలో పేరు ఉండటం యాజమాన్య హక్కుకు నిదర్శనం కాదు. పన్ను రికార్డులు పన్ను వసూలుకోసం ఉద్దేశించినవే తప్ప హక్కును కల్పించేవి కావని న్యాయస్థానాలు పలు తీర్పులలో స్పష్టం చేశాయి. రసీదు చూపి ఇల్లు అమ్మజూపేవారి పట్ల అప్రమత్తంగా ఉండాలి.

గడువులు, రాయితీ, వడ్డీ

ఆస్తి పన్నును సంవత్సరానికి రెండు అర్ధ సంవత్సరాలుగా లెక్కిస్తారు. మొదటిది ఏప్రిల్ 1 నుంచి సెప్టెంబరు 30 వరకు, రెండవది అక్టోబరు 1 నుంచి మార్చి 31 వరకు. హైదరాబాదులో మొదటి అర్ధ సంవత్సరపు పన్నును జూలై 31లోగా, రెండవదానిని అక్టోబరు 15లోగా చెల్లించవలసి ఉంటుంది. గడువు దాటితే నెలకు 2 శాతం చొప్పున వడ్డీ పడుతుంది. అంటే సంవత్సరానికి 24 శాతం.

ఆర్థిక సంవత్సరం మొదటి నెలలోనే, అనగా ఏప్రిల్ 30లోగా, మొత్తం సంవత్సరపు పన్నును ఒకేసారి చెల్లించేవారికి 5 శాతం రాయితీని ప్రకటించడం ఆనవాయితీగా వస్తున్నది. ఈ రాయితీ ఆ సంవత్సరపు పన్నుకే వర్తిస్తుంది, పాత బకాయిలకు వర్తించదు. పై ఉదాహరణలోని రూ.3,499 పన్ను గల యజమాని ఏప్రిల్‌లోనే చెల్లిస్తే సుమారు రూ.175 ఆదా చేసుకుంటారు. అదే యజమాని ఒక అర్ధ సంవత్సరపు పన్ను రూ.1,750ని రెండేళ్లు ఆపివేస్తే దానిపై వడ్డీయే రూ.840 అవుతుంది.

2020 ఆగస్టులో ప్రభుత్వం ఏకకాల పరిష్కార పథకాన్ని ప్రవేశపెట్టింది. అసలు బకాయిని, వడ్డీలో 10 శాతాన్ని ఒకేసారి చెల్లించినవారికి మిగిలిన 90 శాతం వడ్డీని మాఫీ చేసింది. ఆ తరువాత కూడా ఇటువంటి అవకాశం కల్పించిన సందర్భాలు ఉన్నాయి. ఏళ్ల తరబడి వడ్డీ భారంతో ఉన్నవారికి ఇది ఊరటనిచ్చింది. అయితే మాఫీ వస్తుందన్న ఆశతో పన్ను ఆపివేయడం వివేకం కాదు. పథకం ఎప్పుడు వస్తుందో, వస్తుందో రాదో ఎవరూ ముందుగా చెప్పలేరు. నెలకు 2 శాతం వడ్డీ మాత్రం తప్పక పడుతుంది. బకాయిదారులకు నోటీసులు జారీచేసి, చరాస్తులను జప్తు చేసే అధికారం కూడా చట్టంలో ఉంది.

పన్నును నగరపాలక సంస్థ వెబ్‌సైటులోను, మీసేవ కేంద్రాలలోను, పౌర సేవా కేంద్రాలలోను, బిల్ కలెక్టరుకు కూడా చెల్లించవచ్చు. ఎక్కడ చెల్లించినా గుర్తింపు సంఖ్య ముద్రించిన రసీదు తీసుకోవాలి. కొద్ది రోజుల తరువాత ఖాతాలో ఆ మొత్తం జమ అయినదీ లేనిదీ చూసుకోవాలి. అంకె తప్పు పడి సొమ్ము పొరుగువారి ఖాతాలో చేరితే, రసీదు ఒక్కటే యజమానికి ఆధారం.

అభ్యంతరం తెలపడం యజమాని హక్కు

కొత్తగా పన్ను విధించినప్పుడుగాని, ఉన్న పన్నును పెంచినప్పుడుగాని యజమానికి ప్రత్యేక నోటీసు ఇవ్వవలసి ఉంటుంది. దానిపై అభ్యంతరం ఉంటే నోటీసులో పేర్కొన్న గడువులోగా లిఖితపూర్వకంగా తెలియజేయాలి. "పన్ను ఎక్కువగా ఉంది" అని మాత్రమే వ్రాసిన అర్జీ వల్ల ప్రయోజనం తక్కువ. "మా ఇంటి వైశాల్యం 425 చదరపు అడుగులు, నోటీసులో 470గా నమోదైంది, మంజూరైన ప్లాను నకలు జతపరుస్తున్నాను" అని నిర్దిష్టంగా వ్రాస్తే అధికారి తిరిగి కొలిపించి సరిచేయడం సులువవుతుంది.

మదింపు వివరాలు నోటీసులో స్పష్టంగా లేకపోతే సర్కిల్ కార్యాలయంలో అడిగి తెలుసుకోవచ్చు. అవసరమైతే 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద కోరవచ్చు. కార్యాలయ నిర్ణయంతో తృప్తి చెందనివారికి చట్టంలో నిర్దేశించిన షరతులకు లోబడి న్యాయస్థానంలో అప్పీలు చేసుకొనే మార్గం కూడా ఉంది. అయితే గడువు దాటిన అభ్యంతరానికి విలువ తగ్గిపోతుందని మరువరాదు.

పొరుగు రాష్ట్రంలో వేరు విధానం

పై లెక్క ఆంధ్రప్రదేశ్ పట్టణాలకు వర్తించదు. అక్కడ పురపాలక చట్టాలను 2020లో సవరించి, వార్షిక అద్దె విలువ స్థానంలో మూలధన విలువ ఆధారిత విధానాన్ని 2021 ఏప్రిల్ 1 నుంచి ప్రవేశపెట్టారు. రిజిస్ట్రేషన్ శాఖ మార్కెట్ విలువల ఆధారంగా ఆస్తి విలువను గణించి, నివాస గృహాలకు ఆ విలువలో 0.10 నుంచి 0.50 శాతం వరకు, నివాసేతర కట్టడాలకు 0.20 నుంచి 2 శాతం వరకు పన్ను నిర్ణయించేందుకు వీలు కల్పించారు. భారం ఒక్కసారిగా పడకుండా ఏటా పెంపు అంతకుముందటి పన్నుపై 15 శాతం మించరాదని పరిమితి విధించారు. సొంతంగా నివసించే 375 చదరపు అడుగులలోపు ఇళ్లకు సంవత్సరానికి రూ.50 పన్నుగా నిర్ణయించారు.

రెండు విధానాలలో యజమాని చూసుకోవలసిన అంశాలు కొంత భిన్నం. అద్దె విలువ విధానంలో చదరపు అడుగు రేటు మారనంతకాలం పన్ను మారదు. మూలధన విలువ విధానంలో భూమి మార్కెట్ విలువ సవరించినప్పుడు దాని ప్రభావం పన్నుపై పడుతుంది. రెండు రాష్ట్రాలలోనూ ఇళ్లు ఉన్న కుటుంబాలు, వార్తలు వ్రాసే పాత్రికేయులు ఈ భేదాన్ని గమనించకపోతే ఒకచోటి శాతాన్ని మరొకచోటి విలువకు అన్వయించే ప్రమాదం ఉంది.

సమష్టి బాధ్యత

పన్ను వార్తలలో సాధారణంగా మొత్తం డిమాండు, వసూలైన మొత్తం, బకాయి అనే మూడు అంకెలే ప్రముఖంగా కనిపిస్తాయి. వాటితోపాటు ఆ వీధి రేటు ఎంత, పన్నులో పారిశుద్ధ్యానికి, దీపాలకు ఎంత శాతం ఉన్నది, అభ్యంతరానికి గడువు ఎప్పటివరకు అన్నవి కూడా ప్రచురితమైతే పాఠకులకు మేలు జరుగుతుంది. కార్యాలయాలలో నోటీసు అందజేసే సిబ్బంది రెండు నిమిషాలు వెచ్చించి లెక్కను వివరిస్తే ఎన్నో వివాదాలు ఆ గుమ్మం వద్దనే పరిష్కారమవుతాయి.

గృహ యజమానులు తమ వంతుగా నోటీసు అందిన రోజే వైశాల్యం, రేటు, వినియోగం, పేరు అనే నాలుగు వివరాలను సరిచూసుకోవాలి. తప్పు ఉంటే గడువులోగా వ్రాతపూర్వకంగా తెలపాలి. ఒప్పయితే ఏప్రిల్‌లోనే చెల్లించి రాయితీ పొందాలి. వీధి దీపం వెలగలేదని, చెత్త బండి రాలేదని నిలదీసే హక్కు ప్రతి పౌరునికీ ఉంది. సరైన పన్ను సరైన సమయంలో చెల్లించిన రసీదు చేతిలో ఉంటే ఆ ప్రశ్నకు బలం మరింత చేకూరుతుంది.